డౌన్‌లోడ్ ప్యాక్ కొనే సౌండ్ సెట్ అన్నలూ, ఒక్క నిమిషం ఆగండి

మొన్న రాత్రి బారాత్‌లో పోయిన నా పరువు ఇంకా తిరిగి రాలేదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకొని చదవండి.

యాప్ పేరు రాయను. జానపదాలు, బతుకమ్మ పాటలు అన్నీ మా దగ్గరే అని ఫోన్ తెరిస్తే చాలు ప్రకటన వస్తుందే, అదే. 299 రూపాయలకు వంద పాటల ప్యాక్. నాది అచ్చంపేటలో చిన్న సౌండ్ సెట్. పదర దిక్కు ఒక పెళ్లి ఒప్పుకున్నాను. నల్లమల అడవిలో మన్ననూర్ ఘాట్ ఎక్కినాక సిగ్నల్ సంగతి ఆ దారిన తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ముందే దించి పెట్టుకుందామని కొన్నాను.

కొన్ని ఇంట్లో, కొన్ని బస్సులో పోతూ దించాను. తొంభై శాతం దాకా రావడం, సిగ్నల్ పోవడం, మళ్లీ సున్నా నుంచి మొదలు. మొదలైన ప్రతిసారీ ప్యాక్‌లోని వందలో ఒక కౌంట్ కట్. వంద కౌంట్లూ అయిపోయేసరికి ఫోన్‌లో ఉన్నవి 43 పాటలు. సరే, 43కీ పచ్చ టిక్కు పడింది కదా అని సంతోషపడ్డాను. ఒక్కో పాట పది సెకన్లు విన్నాను, బాగానే ఉంది, ఫోన్ జేబులో పెట్టుకున్నాను. క్యాసెట్ల కాలంలో రెండు వైపులా చివరిదాకా వినకుండా ఇల్లు కదలనివాణ్ని, ఆ రోజు ఏ దయ్యం పట్టిందో.

రాత్రి పదకొండు దాటింది. కారు ముందు పిల్లలు దుమ్ము లేపుతున్నారు. సరిగ్గా చరణం ఎత్తుకునే చోట పాట టక్కున ఆగింది. జనరేటర్ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఫోన్ చూస్తే 1:52 దగ్గర గీత నిలబడి ఉంది, పక్కన పచ్చ టిక్కు మాత్రం నిగనిగలాడుతోంది.

"ఏందన్నా, కరెంట్ పోయిందా?" అని పెళ్లికొడుకు మేనమామ.

"లేదన్నా, ఉంది."

"మరి పాటేది?"

ఏం చెప్పాలి? ఇంకోటి పెట్టాను, నలభై సెకన్లకు అదీ ఆగింది. మూడోది నిండుగా మోగింది, నాలుగోది మళ్లీ సగమే. చివరికి ఎవరో పరుగెత్తి డప్పుల వాళ్లను లేపుకొచ్చారు. తొమ్మిది వేలకు మాట్లాడుకున్న దాంట్లో మూడు వేలు కోసి చేతిలో పెట్టారు. నేను నోరెత్తలేదు.

తెల్లారి కస్టమర్ కేర్‌కు చేశాను. ఇరవై నిమిషాలు వాళ్ల పాటే వినిపించారు, అది మాత్రం ఎక్కడా ఆగలేదు. తర్వాత ఒకాయన వచ్చి, "సార్, మా సిస్టమ్‌లో వంద డౌన్‌లోడ్లు సక్సెస్ అని ఉంది" అన్నాడు. సగం పాటలే వచ్చాయయ్యా అంటే, "మీ ఊర్లో సిగ్నల్ లేకపోతే మేమేం చేస్తాం? వైఫై ఉన్న చోటికి పోయి దించుకోవాలి" అన్నాడు. సిగ్నల్ సరిగా ఉంటే నీ డౌన్‌లోడ్ నాకెందుకురా నాయనా! "పాట మొత్తం వస్తుందని మేము ఎక్కడ రాశాం సార్?" అని ఇంకో మాట. ఈ మాట దగ్గర ఫోన్ నేలకేసి కొట్టబోయి ఆగాను, ఫోన్ ఈఎంఐ ఇంకా ఉంది.

మా అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికి చెప్తే నవ్వాడు. 320 కేబీపీఎస్‌లో, అంటే మంచి క్వాలిటీలో, ఐదు నిమిషాల పాట 12 ఎంబీ దాకా ఉంటుందట. కదిలే బస్సులో ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారుతుంటుంది, మధ్యలో లైన్ తెగడం మామూలే. తెగుతుందని ముందే అనుకొని సర్వీస్ కట్టాలట. ఆగిన చోటు నుంచి మిగతా ముక్క మాత్రమే అడిగే పద్ధతి వెబ్ ప్రమాణాల్లో 1997 నుంచే ఉంది, వీళ్లు దాన్ని వాడనే లేదు. అన్ని ముక్కలూ వచ్చాక ఫోన్ తనకొచ్చిన ఫైల్‌కు లెక్క కట్టి, వాళ్ల సర్వర్ దగ్గరున్న అసలు ఫైల్ లెక్కతో సరిపోతేనే టిక్కు పడాలి. ఒక పాటకు ఒకే ఆర్డర్ నంబర్ ఉంటే, తెగి మళ్లీ అడిగినా రెండో కౌంట్ పోదు. "వీళ్లు ఆర్డర్ తీసుకోగానే నువ్వు బిర్యానీ తినేశావని రాసుకున్నారు మామా" అన్నాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చూద్దాం.

ఆ, ఇంకొకటి. ఏ యాప్ అయినా పెద్ద ప్యాక్ కొనే ముందు చిన్నది కొని ఒక్క పాట దించండి. సగంలో ఫ్లైట్ మోడ్ పెట్టి తీయండి. మళ్లీ సున్నా నుంచి మొదలైనా, కౌంట్ రెండోసారి కట్ అయినా వదిలేయండి. దించిన పాటల చివరి అర నిమిషం వినండి. నేను విననిది అదే.