వాడిన 4×5 ఫిల్మ్ హోల్డర్లు కొంటున్నారా? ముందు లైట్ ట్రాప్ చూడండి

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే నాకు ఫిల్మ్ హోల్డర్లు (పెద్ద కెమెరాలో విడి ఫిల్మ్ షీట్లు పెట్టే పలుచటి పెట్టెలు) అమ్మినతను మిగిలినవాటిని మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. అదే మాటతో: "శుభ్రం చేసినవి, ఫిల్మ్ ఎక్కించి వాడుకోవడమే."

ఆ మాట నమ్మి ఐదు తీసుకున్నాను. ఒక్కోదానికి రెండు షీట్ల చొప్పున పదీ నింపి, ఒకే ఉదయం అన్నీ వాడేశాను. ఎనిమిది పాడయ్యాయి. ఆకాశం నిండా నల్ల చుక్కలు. ఒకదాంట్లో పొగమంచుకు అడ్డంగా వెంట్రుకలా ఒక వంకర గీత.

ఫొటోలు పంపి అడిగితే, "అది నీ స్కానర్ దుమ్ము, తుడుచుకో" అన్నాడు. స్కాన్ చేసేటప్పుడు నెగెటివ్ మీద దుమ్ముంటే బొమ్మలో తెల్లగా వస్తుంది. ఇవి నల్లవి. అంటే ఎక్స్‌పోజర్ అప్పటికే దుమ్ము ఫిల్మ్ మీద ఉంది, దాని కింద వెలుతురు పడలేదు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే నెగెటివ్‌లో ఆ చోటు గాజులా ఖాళీగా ఉంది. డెవలపింగ్‌లో బుడగలు అంటుకున్నాయేమో అనుకుందామన్నా, బుడగ గుండ్రంగా ఉంటుంది, వెంట్రుకలా ఉండదు.

అదే రోజు మీడియం ఫార్మాట్‌లో తీసిన 120 రోల్ కూడా అవే కెమికల్స్‌లో కడిగి, అక్కడే ఆరేశాను. ఒక్క మచ్చ లేదు. రోల్ కెమెరాలోకి వెళ్ళేదాకా కాగితంతో బిగుతుగా చుట్టుకునే ఉంటుంది. షీట్‌ను మాత్రం చీకట్లో చేత్తో ఒక్కొక్కటే ఎక్కించాలి. పైగా డార్క్ స్లైడ్ (షీట్‌ను వెలుతురు నుంచి కప్పి ఉంచే పలక) లాగిన ప్రతిసారీ అది లైట్ ట్రాప్‌లోని, అంటే ఆ సందులోంచి వెలుతురు లోపలికి రాకుండా ఆపే పట్టీలోని, వెల్వెట్‌ను రాసుకుంటూ వస్తుంది. ఇదంతా ఓపిగ్గా రాసి పంపాను. వచ్చిన జవాబు ఇదీ:

"రోల్ ఫిల్మ్ వాడుకునేవాడివి, నీకెందుకీ షీట్లు? ముందు నేర్చుకుని రా."

డబ్బు అందేదాకా మీరు, తర్వాత నువ్వు. ఆ వెంటనే బ్లాక్ చేశాడు.

ఆ రాత్రే ఒక హోల్డర్‌లోంచి డార్క్ స్లైడ్ తీసి, ఆ సందులోకి టార్చి వేసి చూశాను. చిన్న బ్రష్ ఆనించగానే నల్లటి పొడి, నూగు రాలింది. వెల్వెట్ పూర్తిగా చివికిపోయింది. పైపైన గుడ్డతో తుడిచి "శుభ్రం" అని అమ్మేశాడు. ప్రింట్ మీద తెల్ల చుక్కయితే రంగు అద్ది కప్పేయొచ్చు. నల్ల చుక్కను గీకాలి, లేదా బ్లీచ్ చేయాలి. ఎనిమిది ఆకాశాలను ఎంతని గీకుతాం?

నా తప్పూ ఉంది. ఒక్క హోల్డర్‌తో ఒక్క షీట్ తీసి చూసుకుని ఉంటే మిగతావి దక్కేవి. తొందరపడ్డాను. ఆ పొగమంచు కోసం ఎన్ని ఉదయాలు ఎదురుచూశానో నాకే తెలుసు.

మీరు కొనేముందు డార్క్ స్లైడ్ పూర్తిగా తీసి, లైట్ ట్రాప్‌ను దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. పంపనంటే వదిలేయండి. వచ్చాక వాక్యూమ్ పెట్టండి, స్లైడ్‌ను మెల్లగా లాగండి, విసురుగా లాగితే స్టాటిక్‌కు దుమ్ము ఇంకా పడుతుంది. మీడియం ఫార్మాట్ వాళ్ళు కూడా పాత ఫిల్మ్ బ్యాక్ (కెమెరా వెనక తగిలించే, రోల్ ఉండే పెట్టె) కొంటే లోపల వెలుతురును ఆపే ఫోమ్‌ను వేలితో తాకి చూడండి, జిగటగా అంటుకుంటే అది మార్చేదాకా రోల్ ఎక్కించకండి.