పిల్లలతో షుగర్ కుకీలు: రాయల్ ఐసింగా, బటర్ క్రీమా?

పిల్లలతో కుకీల మీద బొమ్మలు వేయించడానికి, కడపలో, అదీ వేసవి సెలవుల్లో అయితే నా ఓటు రాయల్ ఐసింగ్‌కే. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో వెన్న 32–35 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి, వెన్న, చక్కెర పొడి కలిపి చేసే బటర్ క్రీమ్‌తో పిల్లలు ఎంతో కష్టపడి వేసిన పువ్వు కాసేపటికే జారిపోతుంది, ఆ తర్వాత మొదలయ్యే ఏడుపులు ఆపడం మన వల్ల కాదు. రుచి మాత్రం బటర్ క్రీమ్‌దే. డిసెంబర్, జనవరిలో అయితే నిక్షేపంగా వేసుకోవచ్చు.

రాయల్ ఐసింగ్ అంటే గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్ కలిపి బాగా గిలక్కొట్టడమే. చిన్నపిల్లలకు పచ్చి గుడ్డు ఎందుకులెండి, బదులుగా మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొనతో చేసే పొడి), నీళ్లు వాడండి. అంచు గీయడానికి చిక్కగా, లోపల నింపడానికి ఇంకొన్ని నీటి చుక్కలు వేసి పల్చగా కలుపుకోవాలి. గిన్నె మీద తడిగుడ్డ కప్పకపోతే పైన పొర కట్టేస్తుంది. ఆరితే గట్టిపడుతుంది కాబట్టి డబ్బాలో పేర్చి అవ్వ వాళ్లింటికి పంపినా బొమ్మ చెదరదు. కాకపోతే పూర్తిగా ఆరడానికి గంటలు పడుతుంది, అంతసేపు పిల్లలు ఆగుతారా అన్నదే టెన్షన్. బటర్ క్రీమ్‌కు ఆ బాధ లేదు, రాసిన వెంటనే తినేయొచ్చు.

ఏది వేసినా సరే, ఓవెన్‌లోంచి తీసిన కుకీలు పూర్తిగా చల్లారాకే పిల్లల చేతికివ్వండి.