హన్మకొండ చౌరస్తాలో అమ్మే మోటారు కిట్: సెలవులకు పనికొస్తుందా?

చేత్తో చిన్న కరెంటు మోటారు చేసుకునే ఈ కిట్ ఎండాకాలం సెలవుల్లో పదేళ్లు దాటిన పిల్లలకు బాగానే పనికొస్తుంది. డబ్బాలో ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ, గుండ్రటి అయస్కాంతం, రెండు పిన్నీసులు, 1.5 వోల్టుల పెద్ద సెల్లు ఉంటాయి. తీగను సెల్లు చుట్టూ 10–15 చుట్లు తిప్పి తీస్తే కాయిల్ (తీగ చుట్ట) తయారు. దాని రెండు కొసలనూ పక్కలకు వదిలి, సెల్లు రెండు చివర్లకు తగిలించిన పిన్నీసుల్లో ఆనించి, అయస్కాంతం దగ్గర తిరగనివ్వాలి.

అసలు కిటుకంతా కొసల్లోనే ఉంది. పూత కరెంటును ఆపుతుంది కాబట్టి ఒక కొసన దాన్ని మొత్తం గీకాలి. కాయిల్‌ను నిలువుగా పట్టుకుని, రెండో కొసన పైసగం మాత్రమే గీకాలి. రెండూ పూర్తిగా గీకితే ప్రతి అర చుట్టుకూ కాయిల్‌ను తిప్పే తోపు ఎదురు తిరిగి, కాయిల్ ఊగులాడుతుందే తప్ప తిరగదు. కిట్‌లోని కాగితంలో ఈ ముక్కే లేదు! గరుకు కాగితం కూడా విడిగా కొనుక్కోవాల్సిందే.

కాయిల్ ఆగితే వెంటనే తీసెయ్యాలి. లేదంటే తీగ కాలుతుంది, సెల్లు దిగిపోతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో అయస్కాంతం వాళ్ల చేతికి అందనివ్వొద్దు.