డిమీన్, హ్యుమిలియేట్, డిగ్రేడ్: ఫిర్యాదులో ఏ క్రియ మేలు?

తిరుపతిలో చదువు ముగించి శ్రీసిటీ కర్మాగారాల్లోనో, చెన్నై, బెంగళూరు కార్యాలయాల్లోనో చేరిన మన పిల్లలకు పై అధికారి మీద ఫిర్యాదు చేయవలసి వస్తే, అది చాలాచోట్ల ఇంగ్లీషులోనే రాయవలసి ఉంటుంది. ఇంట్లో చెప్పుకోవడానికి ‘నన్ను చులకన చేసినాడు’ అన్న మాట చాలు గాని, కాగితం మీద మాత్రం డిమీన్, హ్యుమిలియేట్, డిగ్రేడ్ అనే మూడు క్రియలు ఎదురవుతాయి. నిఘంటువులో మూడింటి అర్థాలూ దగ్గర దగ్గరగానే కనబడతాయి కనుక చేతికి వచ్చినది రాసేస్తుంటారు. అయితే ఆ మూడూ మోపే అభియోగాలు వేరు.

హ్యుమిలియేట్ అంటే ఎదుటి మనిషి సిగ్గుతో తల దించుకొనేలా చేయడం, అదీ సాధారణంగా నలుగురి ముందు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని ఒక నిబంధన, ఈ క్రియను వాడుతూ, ఆ అవమానం ప్రజలకు కనబడే చోట జరగాలని కూడా చెబుతుంది. కాబట్టి దీనిని ఎంచుకొన్నప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారో, ఏ మాట అన్నారో వెంటనే రాయడం మంచిది.

డిగ్రేడ్ చాలా బరువైన మాట. మెట్టు అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి పుట్టిన ఈ క్రియ, ఒకప్పుడు మతాధికారుల పదవిని ఊడబెరకడాన్ని సూచించేది. నేడు నేల సారం తగ్గడానికి కూడా వాడుతున్నారు. మనుషుల విషయంలో దీని తీవ్రత తెలియాలంటే 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనలోని 5వ అధికరణం చూడాలి. అక్కడ ఇది చిత్రహింస పక్కనే నిలిచింది. మేనేజరు ఒకసారి విసుక్కొన్నందుకు ఈ మాట రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కార్యాలయాల్లో తరచుగా జరిగేదానికి సరిపోయేది, నా మట్టుకు, డిమీన్. తెలుగులో దీనికి ‘కించపరచు’ బాగా కుదురుతుంది. దీనికి సాక్షులూ అక్కరలేదు, బాధితురాలి కన్నీళ్లూ అక్కరలేదు. ఇంజనీరుగా చేరిన అమ్మాయిని, ఆమెతో పాటే చేరిన మగవాళ్లు కూర్చొని ఉండగా, ప్రతి సమావేశంలోనూ టీ గ్లాసులు అందించమంటే, అక్కడ ఎవరూ తిట్టకపోవచ్చు, నవ్వకపోవచ్చు, ఆమె కూడా మారుమాట్లాడకుండా అందించవచ్చు. అయినా ఆమె విలువను తక్కువగా లెక్కగట్టడం జరిగిపోయింది. ఆ లెక్కగట్టడమే డిమీన్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్లాసులు అందించడమే డిమీనింగ్ పని అని రాస్తే, రోజూ ఆ పనితో బతికే క్యాంటీను మనిషిని మనమే కించపరచినట్లవుతుంది. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవకు వచ్చి, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారు కూడా కూరగాయలు తరుగుతారు, అన్నప్రసాదం వడ్డిస్తారు. దానిని ఎవరూ చిన్నతనంగా చూడరు. కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడం మొక్కు. అదే గుండును ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చెందిన ఒకరికి బలవంతంగా కొట్టిస్తే, పైన చెప్పిన చట్టానికి 2015లో చేసిన సవరణ దానిని మానవ గౌరవానికి భంగకరమైన నేరంగా పేరుపెట్టి చెబుతుంది. కాబట్టి ఫిర్యాదులో పనిని కాకుండా, ఆ పనిని ఎవరు, ఎవరికి, ఏ వివక్షతో అంటగట్టారో దానిని డిమీనింగ్ అనాలి.

డిబేస్ అనే మరో క్రియ ఉంది గాని, అది వస్తువుల నాణ్యతకే ఎక్కువగా నప్పుతుంది. ఎనిమిదో హెన్రీ కాలంలో ఇంగ్లండు వెండి నాణేల్లో రాగి కలిపి వాటి విలువ దించినదానికి చరిత్రకారులు వాడేది ఈ మాటే. ఇక డిమీనర్ అన్న నామవాచకం చూసి తికమక పడకూడదు. దానికి ‘నడవడి’ అని అర్థం. అది ఫ్రెంచి నుంచి వచ్చిన మరో పాత డిమీన్ సంతానం. మనకు కావలసిన డిమీన్, ‘నీచమైన’ అనే అర్థమున్న మీన్ మీద తరువాత కట్టిన మాట.

వాక్యం కూర్పు కూడా ముఖ్యమే. ‘ఐ డిమీన్డ్ మైసెల్ఫ్’ అంటే నా స్థాయికి తగని పని నేనే చేశానని అర్థం, అంటే తప్పు రాసినవారి మీదికే వస్తుంది. ‘ఐ వాజ్ డిమీన్డ్’ అని ఊరుకొంటే చేసినవారు ఎవరో తెలియదు. అధికారిని కర్తగా పెట్టి, ఏ తేదీన ఏ పని చెప్పారో, అదే హోదాలోని మిగతావారికి ఎందుకు చెప్పలేదో పక్క వాక్యంలోనే చేర్చాలి.