జర్మనీ ఇంటిగ్రేషన్ కోర్సు: చేరదలచిన తెలుగువారి కోసం ఒక సమీక్ష

జీవిత భాగస్వామి ఉద్యోగరీత్యా జర్మనీ చేరిన తెలుగువారికి ఇంటిగ్రేషన్ కోర్సులో చేరమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. 2005లో కొత్త వలస చట్టంతో పాటు మొదలైన ఈ కోర్సును, అందరూ బామ్ఫ్ అని పిలిచే కేంద్ర వలసల, శరణార్థుల కార్యాలయం పర్యవేక్షిస్తుంది; పాఠాలు చెప్పేది మాత్రం దాని అనుమతి పొందిన స్థానిక విద్యాకేంద్రాలు. సాధారణ కోర్సులో 45 నిమిషాల పీరియడ్లు 600 జర్మన్ భాషకు, మరో 100 దేశ చట్టాలకు, చరిత్రకు, సమాజ జీవితానికి కేటాయించారు. దీన్ని ఆసాంతం చదివి, బీ1 స్థాయిలో (రోజువారీ పనులు సొంతంగా నడుపుకోగల మధ్యస్థాయి భాషాజ్ఞానం) ఉత్తీర్ణురాలినయ్యాక రాస్తున్న సమీక్ష ఇది.

ఈ కోర్సు అసలు బలం ఉత్తరాలు చదవడం, రాయడం నేర్పడంలో ఉంది. జర్మనీలో ప్రభుత్వ కార్యాలయమైనా, ఆరోగ్య బీమా సంస్థ అయినా, ఇంటి యజమాని అయినా ముఖ్యమైన సంగతిని కాగితం మీదే తెలియజేస్తారు, దానికొక గడువు కూడా పెడతారు. మా టీచరు ఒకనాడు పసుపు రంగు కవరొకటి తెచ్చి, దాని మీద పోస్ట్‌మన్ చేత్తో వేసిన తేదీని అందరికీ చూపించారు. అభ్యంతరం తెలిపే గడువు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తుంది కనుక, ఉత్తరంతో పాటు కవరునూ దాచుకోవాలన్నారు. ఆ తర్వాత ఏ ఉత్తరం చేతికిచ్చినా ముందుగా గడువు ఎప్పటివరకు ఉంది, ఏ కాగితాలు జతచేయమన్నారు, జవాబు ఎవరికి పంపాలి అన్నవి వెతికి గీత గీయించేవారు. చివరి పరీక్షలోనూ ఇచ్చిన నాలుగు అంశాలు వచ్చేలా 30 నిమిషాల్లో ఒక ఉత్తరం రాయాలి. భార్య పేరున వచ్చిన ఉత్తరాన్ని భర్త సాయంత్రం ఇంటికొచ్చి చదివి చెప్పేదాకా బల్ల మీద పెట్టి ఉంచడం ఇక్కడి మన ఇళ్లలో మామూలే. ఆ అవసరం నాకు ఇక లేకుండా పోవడం ఒక్కటే ఈ కోర్సుకు పెట్టిన సమయానికి సరిపడా ఫలమని నా అభిప్రాయం.

మాట్లాడటం విషయంలో అంత మెచ్చుకోలేను. పరీక్షలో మాట్లాడే భాగానిదే పెద్దపీట: అందులో బీ1 స్థాయి అందుకోకపోతే, మిగతా భాగాలు ఎంత బాగా రాసినా బీ1 సర్టిఫికెట్ రాదు. ఇద్దరేసి అభ్యర్థులు ఎదురెదురుగా కూర్చుని తమను పరిచయం చేసుకోవాలి, ఒక చిత్రాన్ని వర్ణించాలి, ఒక పనికి కలిసి ప్రణాళిక వేసుకోవాలి. తరగతి మొత్తం ఈ మూస వాక్యాల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, మెట్ల మీద ఎదురైన పక్కింటావిడ తన యాసలో గబగబా ఏదో అడిగితే నోట మాట రాదు. అయితే సిరియా, ఉక్రెయిన్, టర్కీల నుంచి వచ్చినవారితో ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మా మధ్య ఉన్న భాష జర్మన్ ఒక్కటే, అదీ తప్పులతడకే. ఎవరినీ ఎవరూ వెక్కిరించని ఆ వాతావరణంలోనే ఈ ఊరు నాది కూడా అన్న ధీమా ఏర్పడింది. పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే ఏ డాక్టరు వెంటనే చూస్తారో నాకు చెప్పింది సహాధ్యాయులే.

చట్టాలు, చరిత్ర, సమాజ జీవితం చెప్పే ఆ 100 పీరియడ్ల ఓరియెంటేషన్ భాగం నన్ను నిరాశపరిచింది. పరీక్షలో వచ్చే 33 ప్రశ్నలూ ముందే ప్రకటించిన పట్టికలోనివే కావడంతో, రాజ్యాంగం గురించి చర్చ జరగవలసిన చోట చివరి వారాలన్నీ బట్టీ పట్టడంతోనే గడిచిపోయాయి. ఉత్తీర్ణతకు 15 సరైన జవాబులు చాలు, పౌరసత్వానికి 17 కావాలి.

నిర్వహణలో లోపాలు విద్యాకేంద్రాన్ని బట్టి మారుతాయి. నేను చదివిన కేంద్రంలో మధ్యలో టీచర్లు మారి పాఠాలు వెనకబడ్డాయి; అంతకన్నా ఇబ్బందికరంగా, నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరును, అసలు పేరును తారుమారు చేసి ముద్రించి ఇచ్చారు. ఇంటిపేరు ముందు రాసే మనకు ఇది ఇంట్లో పట్టించుకోని విషయమే గాని, నివాస అనుమతులిచ్చే విదేశీయుల కార్యాలయంలో సర్టిఫికెట్‌కూ పాస్‌పోర్టుకూ పొంతన కుదరకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. నమోదు పత్రం నింపే రోజునే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ప్రతి అక్షరం సరిచూసుకోవడం మంచిది.

బ్లూ కార్డు (ఉన్నత విద్యార్హతలతో ఉద్యోగానికి వచ్చినవారికిచ్చే నివాస అనుమతి) ఉన్నవారి జీవిత భాగస్వాములకు వీసా కోసం జర్మన్ పరీక్ష అవసరం లేదు కనుక చాలామంది అక్షరం ముక్క రాకుండానే వస్తారు; వారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. బ్లూ కార్డు స్వయంగా ఉన్నవారికి బీ1 ఉంటే 21 నెలలకు, తొలిమెట్టయిన ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసం దొరుకుతుంది కాబట్టి, ఉద్యోగం చేస్తూ పగటి తరగతులకు వెళ్లలేనివారు సాయంకాలపు తరగతి దొరక్కపోతే విడిగా చదివి పరీక్ష రాసుకోవడమే మేలు. పౌరసత్వం కోసం చేరేవారికి తరగతిలో చెప్పని సంగతి ఒకటుంది. 2024 జూన్ 27 నుంచి జర్మనీ నివాస గడువును ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించి, పాత పౌరసత్వాన్ని వదులుకోవలసిన షరతును తీసేసినా, భారత చట్టం మాత్రం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. జర్మన్ పౌరులయ్యాక మిగిలే ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) మన దేశంలో ఓటు వేయలేం, వ్యవసాయ భూమి కొనలేం. పొలం కొనే ఆలోచన ఉన్నవారు శాశ్వత నివాసంతో ఆగిపోవచ్చు. దానికీ ఈ కోర్సు సర్టిఫికెట్టే పనికొస్తుంది.