ఎన్‌ఐహెచ్ పేపర్ పీఎంసీకి: ఫీజు కట్టడమా, మనమే పెట్టుకోవడమా?

"పేపర్ యాక్సెప్ట్ అయింది. ఓపెన్ యాక్సెస్ ఫీజు కట్టాలా, మాన్యుస్క్రిప్ట్ మనమే పీఎంసీకి పంపేస్తే సరిపోతుందా?" అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే గ్రాంట్ మీద పనిచేసేవాళ్లు ఈమధ్య మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. పీఎంసీ అంటే పబ్‌మెడ్ సెంట్రల్, వైద్య వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ భండారం. ఓపెన్ యాక్సెస్ ఫీజు అంటే వ్యాసం అందరూ ఉచితంగా చదివేలా ఉంచడానికి జర్నల్‌కి కట్టేది. ప్రచురణ తర్వాత పన్నెండు నెలల్లోపు పీఎంసీలో కనబడితే చాలన్న 2008 నాటి వెసులుబాటు పోయింది కాబట్టి ఇప్పుడు వాయిదా వేసే వీలు లేదు. 2025 జులై 1న గానీ ఆ తర్వాత గానీ యాక్సెప్ట్ అయిన పేపర్‌ని, యాక్సెప్ట్ అయిన వెంటనే పంపాలి. ప్రచురణ రోజు నుంచే అది పబ్‌మెడ్ సెంట్రల్‌లో అందరికీ అందుబాటులో ఉండాలి. లెక్కలోకి వచ్చేది యాక్సెప్ట్ అయిన తేదీ ఒక్కటే. 2025 జూన్ 30న యాక్సెప్ట్ అయి డిసెంబరులో వెలువడిన పేపర్‌కి పాత నిబంధనే వర్తిస్తుంది.

దారులు నాలుగని, ఎ బి సి డి అని పేర్లు పెట్టి చెప్పడం పాత అలవాటు. తేడా అసలు రెండింటి మధ్యే. జర్నల్ తన తుది వ్యాసాన్ని పంపడం ఒకటి, రివ్యూయర్ల సవరణలన్నీ పూర్తయిన మన మాన్యుస్క్రిప్ట్ ఎన్‌ఐహెచ్‌ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్‌లు ఎక్కించడానికి ఎన్‌ఐహెచ్ పెట్టిన వెబ్‌సైట్) ద్వారా వెళ్లడం రెండోది.

ఇంకా ఏ జర్నల్‌కీ పంపనివాళ్లకి సులువైనది మొదటి దారి. పీఎంసీని నడిపే నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌తో ఒప్పందం ఉన్న జర్నల్ అయితే వ్యాసం నేరుగా పీఎంసీకి చేరుతుంది, మనం చేసేది దాదాపు ఏమీ ఉండదు. కానీ కొన్ని జర్నళ్ల ఒప్పందం ఎన్‌ఐహెచ్ నిధులున్న వ్యాసాలకే పరిమితం. అక్కడ కృతజ్ఞతల భాగంలో గ్రాంట్ నంబర్ తప్పుగా రాసినా, "ఎన్‌ఐహెచ్ సహకారంతో" అని ఊరుకున్నా, ఆ వ్యాసం వాళ్ల జల్లెడలోంచి జారిపోవచ్చు. ఇంకో పొరపాటు, జర్నల్ సైట్‌లో ఉచితంగా చదవగలిగితే చాలనుకోవడం. అది చాలదు. వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో సారాంశం కనబడి, అక్కడిచ్చే నంబర్ పీఎంఐడీ వచ్చిందని నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. కావలసింది పీఎంసీలో పూర్తి వ్యాసానికి ఇచ్చే నంబర్, పీఎంసీఐడీ. మొదటిది ఉత్త అంకెలు, రెండోది పీఎంసీ అన్న అక్షరాలతో మొదలవుతుంది.

ఇక మొదటి దారిలోనే ఇంకో రకం, చందా జర్నల్‌లో ఫీజు కట్టి ఆ ఒక్క వ్యాసాన్ని ఓపెన్ చేయించుకోవడం. 2021లో నేచర్ ఈ దారి తెరిచినప్పుడు పెట్టిన ధర 9,500 యూరోలు. అన్నీ అంత ఉండవు గానీ, వేల డాలర్లు మామూలే. దీనికి గ్రాంట్ డబ్బు వాడొచ్చు. పేపర్ ఆలస్యమైతే గ్రాంట్ ముగిశాక లెక్కలు మూసే 120 రోజుల గడువులోనూ ఈ ఖర్చు చూపించొచ్చు. అయితే అమెరికా ఫెడరల్ గ్రాంట్ నిబంధనల్లో ఒక షరతుంది: ఆ జర్నల్ ఫీజును అన్ని వ్యాసాల మీదా ఒకేలా వేయాలి, ప్రభుత్వ నిధులున్న వ్యాసం అని వేరుగా వసూలు చేయకూడదు. కాబట్టి మాన్యుస్క్రిప్ట్‌ని వెంటనే డిపాజిట్ చేసుకోనివ్వడానికే విడిగా రుసుము అడిగితే, కట్టే ముందు మీ గ్రాంట్స్ ఆఫీసుని అడగండి. 2023లో అమెరికన్ కెమికల్ సొసైటీ ఇలాంటి రుసుమునే 2,500 డాలర్లుగా ప్రకటించింది. ప్రచురణ ఫీజులకి పరిమితి పెడతామని 2025 జులైలో ఎన్‌ఐహెచ్ కూడా ప్రకటించింది. రాబోయే ఏళ్ల బడ్జెట్ ఈ ఫీజుల భరోసా మీద వేసుకోవడం నాకైతే సబబనిపించదు.

నన్నడిగితే, ఎవరు డిపాజిట్ చేస్తారన్నది రెండో విషయం. పేపర్ యాక్సెప్ట్ అయిన రోజు మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టారన్నదే అసలు విషయం. యాక్సెప్టెన్స్ మెయిల్ వెనకాలే లైసెన్స్ పేజీ వస్తుంది. సంతోషంలో ఉన్నవాళ్లు అది చదవరు, టిక్ పెట్టేస్తారు. చందా లైసెన్స్ ఎంచుకుంటే, "అంగీకృత మాన్యుస్క్రిప్ట్‌ని పన్నెండు నెలల తర్వాతే పబ్లిక్ రిపాజిటరీలో ఉంచాలి" అన్న వాక్యం లోపలెక్కడో ఉండొచ్చు. ప్రచురణ రోజే కనబడాలని ఎన్‌ఐహెచ్, ఏడాది ఆగమని ప్రచురణకర్త. నలిగేది మధ్యలో ఉన్న రచయిత.

హక్కుల పరంగా ప్రభుత్వం చేతులు కట్టేసుకుని లేదు. ఫెడరల్ నిధులతో తయారైన రచనని ప్రభుత్వ అవసరాలకి వాడుకునే హక్కు, రాయల్టీ లేకుండా, వెనక్కి తీసుకోలేని విధంగా ప్రభుత్వానికి ఉంటుంది. గ్రాంట్ తీసుకున్నప్పుడే అది దఖలుపడుతుంది, జర్నల్ లైసెన్స్ ఆ తర్వాత వచ్చినదే. అయినా సంతకం చేసింది మీరు కాబట్టి ప్రచురణకర్తతో పేచీ మీదే. అందుకే ఈ సంగతి సబ్మిషన్ రోజే తేల్చుకోవాలి. మాన్యుస్క్రిప్ట్‌లో పెట్టుకోవడానికి ఎన్‌ఐహెచ్ ఒక నమూనా వాక్యం ఇచ్చింది. ఈ రచనకి ఎన్‌ఐహెచ్ నిధులు అందాయని, ప్రచురణ తేదీన పీఎంసీలో ఉంచే హక్కు ఎన్‌ఐహెచ్‌కి ఉందని దాని సారం. దాన్ని కృతజ్ఞతల భాగంలో మక్కీకి మక్కీగా అతికించండి, కవరింగ్ లెటర్‌లో ఇంకోసారి రాయండి. అభ్యంతరం ఉన్న జర్నల్ అప్పుడే చెబుతుంది. అప్పటికి జర్నల్ మార్చుకునే వీలు ఇంకా ఉంటుంది.

ఆ వాక్యం మొదటినుంచీ ఉంటే నా మొగ్గు మనమే పెట్టుకోవడం వైపే. పైసా ఖర్చు లేదు, పని ఎంతవరకు వచ్చిందో కళ్లెదుట కనబడుతుంది. ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల పోర్టల్ ఈఆర్ఏ కామన్స్ లాగిన్‌తో ఎన్‌ఐహెచ్‌ఎంఎస్‌లోకి వెళ్లి, చివరి సవరణల తర్వాతి వర్డ్ ఫైలు, బొమ్మలు, పట్టికలు, అనుబంధాలు అన్నీ ఎక్కించాలి. జర్నల్ ముస్తాబు చేసిన పీడీఎఫ్ ఎక్కించకూడదు, అది ప్రచురణకర్తది. ట్రాక్ ఛేంజెస్ తీసేయకుండా ఎక్కించడం తరచూ జరిగే తప్పు. తర్వాత గ్రాంట్ జతచేసి, ఆమోదం తెలిపే బాధ్యత ఒక రచయితకి అప్పగించాలి. ఆయన లేదా ఆమె రెండుసార్లు ఒప్పుకోవాలి: ఫైళ్లు ఎక్కాక ఒకసారి, వెబ్ రూపం తయారయ్యాక ఇంకోసారి.

డిపాజిట్లు ఆగిపోయేది ఎక్కువగా ఈ రెండో ఆమోదం దగ్గరే. మధ్యలో కొన్ని వారాలు గడుస్తాయి, మెయిల్ స్పామ్‌లో పడుతుంది, ఆమోదం తెలపాల్సిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకులు) ఈలోగా వేరే ల్యాబ్‌కి వెళ్లిపోయి ఉంటారు. అలా ఆగితే పేపర్‌లోని మరో రచయిత ఆ బాధ్యత తనకి మార్చమని సిస్టమ్‌లోనే అడగొచ్చు. ఇక వెబ్ రూపాన్ని పైపైన చూసి ఒప్పేసుకోకండి. సింబల్ ఫాంట్‌లో కొట్టిన మ్యూ గుర్తు, ఆ ఫాంట్ ఎగిరిపోతే ఎమ్ అవుతుంది. 50 మైక్రోగ్రాముల డోసు 50 మిల్లీగ్రాములై కూర్చుంటుంది. మొదట డోసులు, యూనిట్లు, మైనస్ గుర్తులు చూసి, తీరిక ఉంటే మిగతాది చదవండి.

పీఎంసీఐడీ వచ్చేలోగా ఎన్‌ఐహెచ్‌ఎంఎస్ నంబర్ వాడుకోవచ్చు, అయితే ప్రచురణ తర్వాత మూడు నెలల వరకే. ఆ తర్వాత వార్షిక నివేదికలో ఆ పేపర్ నిబంధన పాటించనట్టే కనబడుతుంది. అలాంటి పేపర్లుంటే తర్వాతి ఏడాది నిధుల విడుదలని ఆపే పద్ధతి 2013 నుంచే ఉంది.

ఫీజు కట్టడం సబబైన సందర్భాలూ లేకపోలేదు. మీ విశ్వవిద్యాలయానికి ఆ ప్రచురణకర్తతో ఒప్పందం ఉండి మీ జేబుకి, గ్రాంట్‌కి భారం పడకపోతే కాదనక్కర్లేదు. ఇంకో నిధుల సంస్థ రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై లైసెన్స్ కావాలంటే అప్పుడూ తప్పదు. ఎన్‌ఐహెచ్ మాత్రం అది అడగదు.

ప్రచురణకర్తే మీ మాన్యుస్క్రిప్ట్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది, ఆమోదాలు మాత్రం మీరే ఇవ్వాలి. ప్రీప్రింట్ (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే రూపం), పరిశోధకుల సైటు రీసెర్చ్‌గేట్, కాలేజీ రిపాజిటరీ: వీటిలో ఏదీ పీఎంసీ డిపాజిట్‌కి బదులు కాదు.

పన్నెండు నెలల లైసెన్స్ మీద ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు, వ్యాసం తుది రూపంలో ఆన్‌లైన్‌కి రాకముందే ఎడిటోరియల్ ఆఫీసుకి రాయండి. అచ్చు సంచిక ఎప్పుడన్నది కాదు, ఎడిట్ అయిన తుది రూపం మొదట బయటికొచ్చిన రోజే ప్రచురణ తేదీ. గ్రాంట్ నంబర్, ఎన్‌ఐహెచ్ వాక్యం ఇచ్చి, లైసెన్స్‌కి అనుబంధం జతచేయమని అడగండి, మీ లైబ్రరీకి కాపీ పెట్టండి. జవాబు కోసం చూస్తూ డిపాజిట్ ఆపొద్దు. ఫైళ్లు ఆరోజే ఎక్కించేయండి.