రన్‌వే అంచు దాటిన తర్వాతి నేల: ఆర్థో4ఎక్స్‌పీ సమీక్ష

ఎక్స్‌-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్‌కు సీనరీ (అందులో కనబడే నేల, విమానాశ్రయాలు) తయారుచేసే మన తెలుగు మిత్రులలో ఎక్కువమంది ఆర్థో4ఎక్స్‌పీని నేల మీద ఉపగ్రహ చిత్రాలు పరిచే ఉపకరణంగానే ఎరుగుదురు. ఆస్కార్ పిలోట్ రూపొందించి, ప్రోగ్రాం కోడ్‌తో సహా ఉచితంగా విడుదల చేసిన ఈ ఉపకరణంలో చిత్రాలకన్నా విలువైన పని మరొకటి ఉంది. నేల ఆకృతిని, అంటే మెష్‌ను, అది మొదటినుంచి తానే త్రిభుజాలతో అల్లుతుంది. రన్‌వే చివర ఒక్కసారిగా తెగిపడే గోడలు, ట్యాక్సీవే మధ్యలో లేచే గుట్టలు, టర్మినల్ పక్కన కుంగిపోయే గుంటలు మన సీనరీలలో ఎంత సాధారణమో అందరికీ తెలుసు. ఈ అసహజమైన వాలులను సరిదిద్దడానికి ఆర్థో4ఎక్స్‌పీ ఎంతవరకు పనికివస్తుందో, దొనకొండలో బ్రిటిషు కాలం నాటి పాత విమానాశ్రయానికీ, కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న అత్యవసర రన్‌వేకూ సీనరీ చేస్తూ నెల్లూరులో కూర్చుని పరిశీలించాను. ఈ సమీక్ష ఆ ఒక్క విషయానికే పరిమితం.

ముందుగా రోగమూలం తెలుసుకోవాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులపాటు రాడార్‌తో భూమిని కొలిచి తెచ్చిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల వివరాలు ఇప్పటికీ చాలా సీనరీలకు పునాదిగా ఉన్నాయి. వాటిలో ఒక కొలతకూ పక్క కొలతకూ మధ్య దూరం ఒక ఆర్క్ సెకను, అంటే సుమారు 30 మీటర్లు. ఆ ఫైళ్లలో ఎత్తును పూర్ణ మీటర్లలోనే నమోదు చేశారు. దీని పర్యవసానం చాలామంది గమనించరు. పక్కపక్కనే ఉన్న రెండు కొలతల మధ్య ఒక్క మీటరు తేడా వచ్చినా వాలు 3.3 శాతం అవుతుంది. పెద్ద విమానాలు దిగే రన్‌వేకు నిడివి వెంట ఏ భాగంలోనూ 1.25 శాతానికి మించి వాలు ఉండరాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 14వ అనుబంధం చెబుతోంది. 30 మీటర్లకు అది సుమారు 37 సెంటీమీటర్లు మాత్రమే. కాబట్టి ఆ కొలతల్లో పొరపాటు అణువంతైనా లేదనుకున్నా, వాటిని ఉన్నది ఉన్నట్టు వాడితే నిజమైన రన్‌వే రాదు. కొరిశపాడు రన్‌వే పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. అడ్డంగా చూస్తే ఆ వెడల్పులో పట్టేది ఒక్క గడి మాత్రమే.

రాడార్ తరంగాలు ఎల్లప్పుడూ నేలను తాకి తిరిగిరావు. దట్టమైన తోట అడ్డుపడితే కొమ్మల ఎత్తులోనే కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. ప్రకాశం మెట్ట ప్రాంతంలో జామాయిల్, సుబాబుల్ తోటలు ఎంత విస్తారంగా ఉన్నాయో, నెల్లూరు తీరంలో సరుగుడు తోపులు ఎంత దట్టంగా ఉన్నాయో మనకు తెలియనిది కాదు. 2000 ఫిబ్రవరిలో ఒక చోట ఎదిగిన తోట ఉంటే, ఆ తర్వాత ఎన్నిసార్లు నరికినా మెష్‌లో అక్కడ మెత్తని గుట్ట మిగిలిపోతుంది. చెరువు కట్టలకు, రొయ్యల గుంటల గట్లకు దీనికి భిన్నమైన గతి పడుతుంది. అవి 30 మీటర్ల గడిలో ఇమడనంత సన్నగా ఉంటాయి కనుక సగం కనబడి, సగం మాయమై, చుట్టూ ఉన్న కయ్యలకు లేనిపోని ఏటవాలును అంటగడతాయి.

ఇక పరిష్కారాల సంగతి. ఎక్స్‌-ప్లేన్ తయారీదారులే ఇచ్చే వరల్డ్‌ఎడిటర్‌లో ‘ఆల్వేస్ ఫ్లాటెన్’ అనే గుర్తు పెట్టుకునే వీలుంది. అది విమానాశ్రయ సరిహద్దు లోపలి నేలనంతా ఒకే ఎత్తుకు చదును చేస్తుంది, సరిహద్దు బయటి నేలను ముట్టుకోదు. 3000 మీటర్ల రన్‌వే వాస్తవంలో అర శాతం వాలుతో ఉందనుకుందాం. రెండు చివర్ల మధ్య తేడా 15 మీటర్లు. మధ్య ఎత్తును తీసుకుని చదును చేస్తే ఒక చివర ఏడున్నర మీటర్ల లోతున గుంటలో పడుతుంది, మరో చివర అంతే ఎత్తున దిబ్బ ఎక్కుతుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో విమానాశ్రయాలన్నీ పళ్లెంలాగా తీర్చినట్టు ఉండి అంచుల్లో గోడలు లేవడానికి కారణం కూడా ఈ పద్ధతే. చదును చేయడం సులభం. చదునైన చోటునుంచి సహజమైన నేల దాకా దారి వేయడమే కష్టం. వాలులను సరిదిద్దే ఏ ఉపకరణాన్నైనా ఈ రెండో పనిని బట్టే తూచాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తూకంలో ఆర్థో4ఎక్స్‌పీ బాగా నిలబడుతుంది. దానికదే చేసే దిద్దుబాటు మొదట చెప్పుకోవాలి. ఎవరైనా దిద్దగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గుర్తించి ఉన్న రన్‌వేల ఆధారంగా అది విమానాశ్రయాలను పోల్చుకుని, అక్కడి ఎత్తుల కొలతలను చుట్టుపక్కల కొలతలతో కలిపి నునుపు చేస్తుంది. ఎంత దూరం వరకు కలపాలో ‘ఏపీటీ స్మూతింగ్ పిక్స్’ అనే అమరిక నిర్ణయిస్తుంది. దానికి ముందే ఇచ్చిన విలువ 8, అంటే 30 మీటర్ల గడుల లెక్కన సుమారు 240 మీటర్లు. ‘ఏపీటీ కర్వ్ టాల్’ అనే మరో అమరిక విమానాశ్రయం చుట్టూ త్రిభుజాలు ఎంత సూక్ష్మంగా ఉండాలో చెబుతుంది. ఎంత దూరం వరకు ఆ సూక్ష్మత కావాలో కిలోమీటర్లలో విడిగా ఇవ్వవచ్చు. సాధారణ విమానాశ్రయానికి ఈ స్వయంచాలక దిద్దుబాటు చాలు. తిరుపతి వంటి చోట్ల దిగి చూసుకునేవారు ఇంతకుమించి శ్రమపడనక్కర్లేదు.

అయితే దీనికి రెండు హద్దులున్నాయి. పటంలో రన్‌వే లేకపోతే ఉపకరణానికి నునుపు చేయడానికి ఏమీ దొరకదు. నెల్లూరు జిల్లాకు దగదర్తి దగ్గర విమానాశ్రయం ప్రతిపాదనలో ఉంది. నిర్మాణం కాకముందే దానిని సిమ్యులేటర్‌లో కట్టి చూసుకోవాలనే ఉత్సాహవంతులకు ఈ మార్గం మూసుకుపోయినట్టే. లేని రన్‌వేను పటంలో చేర్చడం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతికి విరుద్ధం. దయచేసి అలా చేయవద్దు. రెండో హద్దు దీనికన్నా పెద్దది. ఈ నునుపు నిజమైన వాలుకూ, కొలతల దోషం వల్ల వచ్చిన వాలుకూ భేదం చూడదు. మంగళూరు, కోళికోడ్ రన్‌వేలు కొండ తలను చెక్కి కట్టినవి. అక్కడి అంచుల్లో నేల నిజంగానే తెగిపడుతుంది. 2010 మే 22న మంగళూరులోనూ, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లోనూ విమానాలు రన్‌వే దాటి దొర్లిపోయిన ఘోరాలు ఆ లోయల వల్లనే అంత ప్రాణనష్టానికి దారితీశాయి. అటువంటి చోట అంచును మెత్తగా జారవిడిచిన సీనరీ చూడడానికి అందంగా ఉన్నా అబద్ధమే చెబుతున్నట్టు.

ఈ రెండు హద్దులనూ దాటించేది ప్యాచ్. నా దృష్టిలో ఆర్థో4ఎక్స్‌పీకి ప్రాణం ఇదే. పటాలు గీసే జేఓఎస్‌ఎం అనే ఉచిత ప్రోగ్రాంలో మనకు కావలసిన బహుభుజులు గీసి, వాటికి ఎత్తులు రాసి, ప్యాచెస్ ఫోల్డర్‌లో ఆ టైల్ (ఒక డిగ్రీ మేర నేల ముక్క) పేరు మీద భద్రపరిస్తే, మెష్ అల్లేటప్పుడు ఉపకరణం ఎత్తుల డేటాను పక్కనబెట్టి మన గీతలకే కట్టుబడుతుంది. ఒక చతుర్భుజానికి ఒక చివర ఒక ఎత్తు, మరో చివర వేరొక ఎత్తు ఇచ్చి, వాటి మధ్య వాలు తిన్నగా సాగాలో, వంపు తిరగాలో కూడా నిర్ణయించవచ్చు. అంటే మన రన్‌వేకు 14వ అనుబంధంలోని లెక్కలనే నేరుగా అప్పగించవచ్చు.

దొనకొండకు నేను పాటించిన క్రమం ఇతరులకు పనికివస్తుందని కొంత వివరంగా చెబుతాను. మొదట రన్‌వే నిడివి వెంట ఎత్తుల రేఖను గీసి, అందులోని గరుకును వదిలేసి, దాని పోకడను మాత్రం రెండు మూడు వాలు ముక్కలుగా తీసుకున్నాను. తర్వాత రన్‌వే చుట్టూ రక్షణగా ఉంచే నేలపట్టీని, అంటే స్ట్రిప్‌ను, గీశాను. పరికరాల సాయంతో దిగే పెద్ద రన్‌వేకు ఈ స్ట్రిప్ మధ్యరేఖకు ఇరువైపులా 140 మీటర్లు, రెండు చివర్లలో 60 మీటర్లు ఉండాలి. అందులో చదును చేసే భాగానికి అడ్డవాలు 2.5 శాతం మించరాదు. దొనకొండ వంటి పాత చిన్న విమానాశ్రయానికి ఇంత అవసరం లేకపోయినా, రేపు విస్తరిస్తే ఎలా ఉంటుందో చూడాలని ఈ కొలతనే వాడాను. మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, స్ట్రిప్ అంచునుంచి సహజమైన నేలను కలిపే వలయం. స్ట్రిప్ అంచుకూ బయటి నేలకూ 8 మీటర్ల తేడా ఉంటే, దానిని 5 శాతం వాలుతో దింపడానికి 160 మీటర్లు కావాలి. అంటే మధ్యరేఖనుంచి 300 మీటర్ల వరకు మన చేయి పడాలి. చాలా సీనరీలలో ఈ వలయం ఇరవై, ముప్పై మీటర్లకే ముగిసిపోవడం వల్ల గోడలు లేస్తున్నాయి. ఎక్కడ నిజంగా కాలువ గట్టో, గుట్టో ఉందో అక్కడ వలయాన్ని ఉద్దేశపూర్వకంగా తెంచి, ఆ ఏటవాలును అలాగే ఉంచాను.

రన్‌వే అంచుకు ముందున్న నేల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. అక్కడి దోషం కంటికి కనబడకపోయినా విమానానికి తెలుస్తుంది. దిగుతున్న విమానంలోని రేడియో ఆల్టిమీటర్ కింది నేలనుంచి ఎత్తును కొలుస్తుంది. మెష్‌లో 6 మీటర్ల దొంగ గుట్ట ఒకటి ఉంటే ఆ యంత్రం సుమారు 20 అడుగులు తక్కువ చూపి, దిగేటప్పుడు వినిపించే ఎత్తుల లెక్క తడబడుతుంది. విమానం తనంతట తానే దిగే ఆటోల్యాండ్ పద్ధతిలో అయితే ముక్కు ఎత్తే క్షణమే తప్పిపోతుంది. అందుకే 14వ అనుబంధం రన్‌వేకు ముందు కనీసం 300 మీటర్లు, మధ్యరేఖకు ఇరువైపులా 60 మీటర్ల మేర వాలులో మార్పు ప్రతి 30 మీటర్లకు 2 శాతం మించకూడదని సూచిస్తోంది. ఈ దీర్ఘచతురస్రాన్ని ప్యాచ్‌లో విడిగా గీసుకోవడం మంచిది. నా ఉద్దేశంలో ప్రతి సీనరీకీ ఇది తప్పనిసరి.

ఎత్తుల డేటాను మార్చుకునే వీలు కూడా ఉపకరణంలో ఉంది. టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాల రాడార్ కొలతలనుంచి తీసిన కోపర్నికస్ 30 మీటర్ల డేటాలో ఎత్తులు దశాంశాలతో సహా ఉంటాయి కనుక మెట్లు మెట్లుగా రావు. అది కూడా చెట్ల తలలనే చూస్తుంది కాబట్టి తోటల గుట్టలు పోవు. మన మెట్టనేలకు మాత్రం ఎస్‌ఆర్‌టీఎంకన్నా ఇదే మేలు. ఎత్తులను సొంతంగా జీపీఎస్‌తో కొలిచి ప్యాచ్‌లో వేయదలచినవారికి ఒక హెచ్చరిక. జీపీఎస్ మౌలికంగా ఇచ్చే ఎత్తు దీర్ఘవృత్తాభం (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నని నమూనా) నుంచి కొలిచింది, సముద్రమట్టంనుంచి కాదు. దక్షిణ భారతంలో ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. నెల్లూరు దగ్గర 80 మీటర్లకు పైనే. దానిని సవరించకుండా వాడితే రన్‌వే పాతాళంలోకి పోతుంది.

మన రెండు జిల్లాకేంద్రాల వారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఎక్స్‌-ప్లేన్ నేలను ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు గల టైళ్లుగా విభజిస్తుంది. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం నెల్లూరుకు కొద్దిగా తూర్పున, ఒంగోలుకు కొద్దిగా పడమరన పోతుంది. అందువల్ల ఈ ఊళ్ల దగ్గర ఏ పని చేసినా రెండు టైళ్లూ తయారుచేయాలి. రెండింటికీ ఒకే ఎత్తుల డేటా, ఒకే అమరికలు వాడకపోతే ఆ రేఖ వెంట అతుకు కనబడుతుంది. దొనకొండ పూర్తిగా +15+079 టైల్‌లోనే ఉండడం వల్ల ఈ ఇబ్బంది రాలేదు.

లోపాల విషయానికి వస్తే, ప్యాచ్‌ల గురించిన వివరణ చాలా క్లుప్తంగా ఉంది. కొత్తవారు ఉదాహరణ ఫైళ్లను విప్పి చూసి నేర్చుకోవలసిందే. రన్‌వే ఒక్కటి మార్చినా టైల్ మొత్తానికి మెష్ మళ్లీ అల్లాలి. విమానాశ్రయం ఉన్న మేరకే మెష్‌ను మార్చే మక్స్‌పీ అనే మరో ఉచిత ఉపకరణం ఈ విషయంలో తేలిక. ఉన్న సీనరీని కదపకుండా చిన్న దిద్దుబాటు చాలనుకునేవారికి నేను దానినే సూచిస్తాను. డౌన్‌లోడ్ భారం కూడా తక్కువది కాదు. సూక్ష్మత (జూమ్) 17వ స్థాయిలో ఉన్న చిత్రాలతో మన అక్షాంశంలో ఒక టైల్ సుమారు 6 గిగాబైట్లు తీసుకుంటుంది. 18వ స్థాయికి దానికి నాలుగింతలు. అయితే చిత్రాలు ఒకసారి దిగాక, వాలులను పరీక్షించేటప్పుడు వాటిని మళ్లీ దింపనక్కర్లేదు. గీతలు సమకూర్చే దశ, మెష్ అల్లే దశ, చివరి ఫైలు రాసే దశ మాత్రమే తిరిగి నడపాలి. నీళ్ల అంచులు తీర్చే దశను కూడా దొనకొండ వంటి మెట్టప్రాంతంలో పదేపదే చేయనక్కర్లేదు.

పూర్తయిన పనిని పంచుకునేటప్పుడు చిత్రాలతో కూడిన టైల్‌ను ఇతరులకు ఇవ్వకూడదు. ఆ చిత్రాల హక్కులు వాటిని అందించే సంస్థలవి. ప్యాచ్ ఫైలు మాత్రం మనం గీసిన గీతలూ, రాసిన ఎత్తులూ తప్ప మరేమీ కాదు. అది కొన్ని కిలోబైట్లకు మించదు, ఏ మెయిల్‌లోనైనా పంపవచ్చు, అందుకున్నవారు తమ టైల్‌ను తామే కట్టుకోవచ్చు. వరల్డ్‌ఎడిటర్‌తో చేసిన విమానాశ్రయాన్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈ ప్యాచ్‌ను కూడా జతచేసి, ‘ఆల్వేస్ ఫ్లాటెన్’ గుర్తును తీసివేయడం మరచిపోకూడదు. ఆ గుర్తు ఉంటే సిమ్యులేటర్ ప్యాచ్‌లోని వాలులన్నిటినీ తిరిగి ఒకే మట్టానికి తెచ్చేస్తుంది.